హైస్కూలు ఫారం మీద నా సంతకం

పోయిన నెల మన గ్రూపులో ఒక చెల్లెలు అడిగింది. "అక్కా, మేము బ్రాంప్టన్ నుంచి మిల్టన్ మారుతున్నాం. బాబు తొమ్మిదిలోకి వస్తాడు. అక్కడ హైస్కూళ్లు ఎలా ఉంటాయి? పబ్లిక్‌లో వెయ్యొచ్చా?" అని. నేను పనిలో ఉన్నాను. బ్రేకులో రెండు ముక్కలు టైపు చేసి పంపేశాను. "బాగానే ఉంటాయమ్మా, భయం లేదు, వెయ్యి" అని.

పంపాక మనసు ఒప్పుకోలేదు. పిల్లాడి నాలుగేళ్ల చదువు గురించి అడిగితే అంత పొట్టి జవాబా? పైగా మా పాప హైస్కూలు విషయంలో నేను చేసిన నిర్వాకం ఒకటుంది. అది దాచుకుని ఇంకొకళ్లకి సలహాలు చెప్పడం న్యాయం కాదనిపించింది. అందుకే ఈసారి పత్రికకి వంటలు కాకుండా ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు ఊరి సంగతి. అమెరికాలో, ఇండియాలో ఉన్న మన వాళ్లకి మిల్టన్ అంటే తెలియకపోవచ్చు. టొరంటోకి పడమరగా, మిస్సిసాగా దాటాక, 401 హైవే పక్కన ఉంటుంది. ఒక వైపు నయాగరా ఎస్కార్ప్‌మెంట్ కొండ అంచు, కెల్సో చెరువు. ఇంకో వైపు స్టీల్స్ రోడ్డు పొడుగునా గోడౌన్లు. అందులోనే ఒకదాంట్లో నేను పని చేస్తాను. 2001 జనాభా లెక్కల్లో ఈ ఊళ్లో ఉన్నది 31,471 మంది. మా తెనాలిలో ఐదో వంతు. 2021కి వచ్చేసరికి 1,32,979 మంది అయ్యారు. ఇరవై ఏళ్లలో నాలుగింతలు! 2001 నుంచి 2011 దాకా వచ్చిన రెండు లెక్కల్లోనూ కెనడా మొత్తం మీద అన్నిటికంటే వేగంగా పెరిగిన ఊరు ఇదే.

ఎందుకలా అంటే, నీళ్లు. అంతకుముందు ఊరంతా బావుల నీళ్ల మీదే ఆధారం, కొత్త ఇళ్లకి నీళ్లు చాలేవి కావు. 2000 ప్రాంతంలో ఒంటారియో సరస్సు నుంచి పెద్ద గొట్టం వేసి నీళ్లు తెచ్చారు. ఇక్కడి పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని 'బిగ్ పైప్' అంటారు. మన దగ్గర కాలవ వస్తే పొలాల రేటు పెరిగినట్టు, ఇక్కడ గొట్టం వచ్చేసరికి పొలాలే ఇళ్లయిపోయాయి. మేము 2014లో వచ్చినప్పుడు మా వీధి చివర మొక్కజొన్న చేను ఉండేది. ఇప్పుడక్కడ మూడు వరసల టౌన్‌హౌసులు.

ఇళ్లు కట్టేవాడు ఏడాదిలో వీధి వీధంతా లేపేస్తాడు. బడి అలా లేవదు. పిల్లలు వచ్చాక లెక్కలు వెయ్యాలి, స్థలం చూడాలి, రాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఇవ్వాలి, అప్పుడు కట్టాలి. మాది హాల్టన్ డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డు. ఫెర్గూసన్ డ్రైవ్ మీద క్రెయిగ్ కీల్‌బర్గర్ హైస్కూలు 2012లో తెరిచారు. ఆ తర్వాత ఇంకో కొత్త పబ్లిక్ హైస్కూలు, బ్రాంటీ స్ట్రీట్ సౌత్ మీద ఎల్సీ మెక్‌గిల్ సెకండరీ స్కూలు, 2021లో వచ్చింది. మధ్యలో తొమ్మిదేళ్లు. ఈలోపు ఊళ్లోకి వచ్చిన పిల్లలందరూ ఎక్కడ కూర్చున్నారు అంటారా? పోర్టబుళ్లలో.

పోర్టబుల్ అంటే బడి ఆవరణలో పెట్టే విడి గది. చూడ్డానికి పెద్ద కంటైనర్ డబ్బాలా ఉంటుంది. లోపల హీటరు, బోర్డు, బల్లలు అన్నీ ఉంటాయి కానీ బాత్రూముకి వెళ్లాలంటే కోటు వేసుకుని మంచులో నడిచి అసలు భవనంలోకి రావాలి. మా పెద్దాడు ఒక ఏడాదంతా లెక్కల క్లాసు దాంట్లోనే కూర్చున్నాడు. వాడు చదివిన బడీ, ఇప్పుడు పాప చదివే బడీ ఒకటే. పేరెందుకులెండి, ఊళ్లో చాలా బళ్ల పరిస్థితి అదే. మొదటిసారి చూసినప్పుడు ఫోటో తీసి మా తమ్ముడికి పంపాను. "మన జడ్పీ స్కూల్లో రేకుల షెడ్డు గుర్తుందా? కెనడాలో మేనల్లుడు కూడా అందులోనే చదువుతున్నాడురా" అని. వాడు నమ్మలేదు.

కానీ ఆ షెడ్డులో చదువు చెప్పిన మాస్టారు మంచివాడు. మొదటి పేరెంట్ ఇంటర్వ్యూకి వెళ్లి నేను అడిగిన మొదటి ప్రశ్న, "మావాడు క్లాసులో ఎన్నో ర్యాంకు?" ఆయనకి అర్థం కాలేదు. ఇంకోసారి అడిగాను. "అలాంటిది మేము చెప్పమండీ, వాడికి ఏది వస్తోంది, ఏది రావట్లేదు అనేది చెప్తాను" అన్నాడు. కాయితం తీసి ఇరవై నిమిషాలు చెప్పాడు. నా జన్మలో ఒక మాస్టారు నా గురించి మా నాన్నతో ఇరవై నిమిషాలు మాట్లాడి ఉండడు. ఒక్కసారి మాట్లాడాడు, అది తర్వాత చెప్తాను.

కొత్తగా వచ్చినవాళ్లకి ఇక్కడి హైస్కూలు లెక్క ఏంటంటే: తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు. మన ఇంటర్‌లా ఎంపీసీ, బైపీసీ అని గ్రూపులు ఉండవు. పిల్లలే ఒక్కో కోర్సూ ఏరుకోవాలి. ఒక కోర్సుకి ఒక క్రెడిట్. డిప్లొమా రావాలంటే 30 క్రెడిట్లు, దాంతోపాటు 40 గంటల సేవ, పదో గ్రేడులో రాసే లిటరసీ టెస్ట్. సేవ అంటే ఫుడ్ బ్యాంకు కావచ్చు, లైబ్రరీ కావచ్చు. చివరి ఏడాది దాకా ఆగి హడావిడి పడకండి, మావాడు అలాగే చేసి పరీక్షల ముందు మంచు ఎత్తుతూ తిరిగాడు.

తొమ్మిదో గ్రేడులో ఇప్పుడు అందరికీ ఒకే రకం. లెక్కలకి 2021లో, మిగతా వాటికి 2022లో మార్చారు. అంతకుముందు పద్నాలుగేళ్ల పిల్లలు 'అకడమిక్' కావాలా 'అప్లైడ్' కావాలా తేల్చుకోవాల్సి వచ్చేది. తెలియక తప్పు గడి నింపిన అమ్మానాన్నలు ఎంతమందో. అసలు దారులు చీలేది పదకొండులో. కోర్సు కోడ్ చివర అక్షరం చూడండి. 'యు' ఉంటే యూనివర్సిటీకి, 'సి' ఉంటే కాలేజీకి, 'ఎం' ఉంటే రెండింటికీ, 'ఇ' ఉంటే నేరుగా పనిలోకి వెళ్లేవాళ్లకి. ఇంకొక్కమాట, ఇక్కడ కాలేజీ అంటే మన కాలేజీ కాదు. పని నేర్పే చదువు. 'మా అబ్బాయి కాలేజీ కోర్సులు తీసుకున్నాడు' అని సంబరపడి, తర్వాత వాటితో యూనివర్సిటీకి కుదరదని తెలిసి ఏడ్చిన ఆవిడ నాకు తెలుసు.

ఇంతవరకూ తెలిసినదాన్ని కాబట్టి నాకు చాలా తెలుసనుకున్నాను. పెద్దాడి విషయంలో అన్నీ 'యు' కోర్సులే తీసుకునేట్టు చూశాను. వాడు వాటర్లూలో చేరాడు. పాపకీ అదే అచ్చు పోద్దామనుకున్నాను.

ఫిబ్రవరిలో పదో గ్రేడు పిల్లలు పదకొండుకి కోర్సులు ఎంచుకుంటారు. కంప్యూటర్లో వాళ్లే నొక్కుతారు. చివర్లో పద్దెనిమిది నిండని పిల్లలకి అమ్మానాన్నల ఆమోదం కావాలి. మా బడిలో ఒక కాయితం ప్రింటు తీసి సంతకం చేయించుకు రమ్మంటారు. ఒక రాత్రి నేను చపాతీలు చేస్తుంటే పాప ఆ కాయితం తెచ్చి గట్టు మీద పెట్టింది. పిండి చేతులతోనే చూశాను. ఇంగ్లిషు, ఫంక్షన్స్, ఫిజిక్స్. బాగానే ఉంది. తర్వాత కన్‌స్ట్రక్షన్ టెక్నాలజీ. ఆ తర్వాత రెండు క్రెడిట్లు కో-ఆప్.

"కెమిస్ట్రీ ఏదమ్మా?"

"తీసుకోలేదు."

"బయాలజీ?"

"అమ్మా, నాకు డాక్టర్ అవ్వాలని లేదు. ఎన్నిసార్లు చెప్పాను?"

"ఈ కో-ఆప్ ఏంటి? ఆఫీసులోనా?"

"కాదు. ఎలక్ట్రీషియన్ దగ్గర. ఓయాప్ అంటారు, హైస్కూల్లో ఉండగానే అప్రెంటిస్‌గా మొదలుపెట్టొచ్చు. మా సార్ చెప్పారు, నాకు బాగా వస్తుందని."

నాకు చెవులు వేడెక్కాయి. "ఎలక్ట్రీషియనా? మీ నాన్నా నేనూ అంత దూరం నుంచి ఇంత చలి దేశానికి వచ్చింది నువ్వు గోడలకి చిల్లులు పెట్టడానికా?"

అది గొంతు పెంచలేదు. చాలా నెమ్మదిగా అంది. "మరి నువ్వు డబ్బాలకి స్టిక్కర్లు అంటించడానికి వచ్చావా అమ్మా?"

నేను బీకాం. చేసేది గోడౌన్లో ప్యాకింగు. అదేమీ రహస్యం కాదు. కానీ ఇంట్లో ఎవరూ ఆ మాట అలా అనలేదు. చపాతీ మాడింది. ఆ రాత్రి ఎవరూ సరిగ్గా తినలేదు. మా ఆయన కాయితం చూసి, "నువ్వే చూసుకో, నాకు దీంట్లో తలపెట్టాలని లేదు" అని పైకి వెళ్లిపోయారు. ఆయనకీ ఇష్టం లేదు, కానీ చెడ్డపేరు నాకే రావాలని.

కాయితం నాలుగు రోజులు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. ఐదో రోజు పొద్దున, పాప స్నానానికి వెళ్లినప్పుడు, నేను చేసిన పని ఇది. పెన్ను తీసి కన్‌స్ట్రక్షన్ కొట్టేశాను. కో-ఆప్ కొట్టేశాను. వాటి పక్కన కెమిస్ట్రీ, బయాలజీ అని రాశాను. కింద సంతకం పెట్టి, మడిచి, దాని బ్యాగులో పుస్తకాల మధ్య పెట్టాను. "సంతకం పెట్టానమ్మా, ఇచ్చెయ్యి" అన్నాను. అది వెనక్కి తిరిగి నన్ను వాటేసుకుంది. "థాంక్యూ అమ్మా" అంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

మధ్యాహ్నం బడి నుంచి ఫోన్. గైడెన్స్ కౌన్సెలర్. "కంప్యూటర్లో ఉన్నదీ కాయితం మీద ఉన్నదీ వేరువేరుగా ఉన్నాయి, ఏది మీ ఇద్దరి నిర్ణయమో తెలుసుకుందామని చేశాను" అంది. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ సిగ్గేసింది. పాప ఆ కాయితం తనే విప్పి చూడకుండా ఇచ్చిందట. ఆవిడ ముందు నిలబడి చూసిందట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఒక్క మాట కూడా అనలేదు. అరిచినా బాగుండేది. మూడు రోజులు ఇంట్లో మనిషి ఉన్న చప్పుడు లేదు.

ఆదివారం పొద్దున మా అమ్మ వీడియో కాల్. మామూలుగా నేనే మాట్లాడి పాపని పిలుస్తాను. ఆ రోజు మా అమ్మే, "చిన్నదాని మొహం అలా ఉందేంటే?" అంది. పాప ఫోను లాక్కుంది. తనకొచ్చిన తెలుగులో చెప్పింది. "అమ్మమ్మా, అమ్మ నన్ను ఎలక్ట్రీషియన్ అవ్వనివ్వట్లేదు. కరెంటు పని. నా పేపర్ మీద తనే రాసేసింది."

మా అమ్మ నా వైపే ఉంటుందనుకున్నాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. "మీ అమ్మా? కరెంటు పని వద్దంటోందా? ఓసి నీ అసాధ్యం కూలా! ఫ్యూజు పోతే వీధి వీధంతా దీన్నే పిలిచేవాళ్లమ్మా. ఎత్తు పీట వేసుకుని, మెయిన్ ఆపి, ఆ పింగాణీ ముక్క ఊడదీసి, తీగ చుట్టి మళ్లీ పెట్టేది. పదమూడేళ్లు ఉంటాయేమో. మీ తాతయ్యకి దాన్ని ముట్టుకోవాలంటే భయం. కింద నిలబడి టార్చిలైటు పట్టుకునేవాడు."

పాప నా వైపు చూసింది. నేను గిన్నెలు సర్దుతున్నట్టు నటించాను.

మా అమ్మ ఆగలేదు. "పదోతరగతి అయ్యాక మాస్టారు ఇంటికొచ్చి మరీ చెప్పారు, దీన్ని పాలిటెక్నిక్‌కి రాయించండి, ఎలక్ట్రికల్ ఇప్పించండి అని. మీ తాతయ్య ఒప్పుకోలా. ఆడపిల్ల స్తంభాలెక్కుతుందా అన్నారు. తెనాలిలో ఆడపిల్లల కాలేజీ కాయితం ఆయనే తెచ్చి, ఆయనే సీఈసీ అని నింపి, ఆయనే సంతకం పెట్టి ఇచ్చేశారు. ఇది వారం రోజులు అన్నం తినలా."

పాప ఫోను బల్ల మీద పెట్టింది. అమ్మమ్మ మొహం సీలింగు వైపు తిరిగింది, "ఏమైందే, కనపడట్లేదు" అంటోంది. పాప నన్ను అడిగింది. "నీకూ అలాగే చేశారా?"

ఆ 'నీకూ' అన్న మాట దగ్గర నేను కూర్చుండిపోయాను. పదహారేళ్లు పెంచాను, పాపకి ఫ్యూజుల సంగతి ఎప్పుడూ చెప్పలేదు. దాచాలని కాదు. నేనే మర్చిపోయాననుకున్నాను.

మా నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయన మీద కోపంతో ఇది రాయట్లేదు. ఆయనకి భయం. 1994లో మా ఊళ్లో ఆడపిల్ల బస్సెక్కి వెళ్లి మగపిల్లలతో పాటు వైరింగు నేర్చుకోవడం అంటే ఆయనకి ఎవరి ముందు తలెత్తుకోవాలో తెలియదు. సరిగ్గా నాకున్నదీ అదే. మంచులో, కట్టీ కట్టని ఇళ్లలో, అందరూ మగవాళ్లున్న చోట నా పిల్ల ఒక్కతీ పొద్దున్నే ఆరింటికి వెళ్లడం. ఎవరైనా ఏమైనా అంటే? ఎవరైనా ఏమైనా చేస్తే? అది నిజమైన భయమే. దాంతోపాటు ఇంకో భయం కూడా ఉంది, అది ఒప్పుకోవడానికి కష్టంగా ఉంది. గుంటూరులో మా ఆడపడుచు పిల్లలు ఒకరు డాక్టరు, ఒకరు సాఫ్ట్‌వేరు. వాళ్ల ముందు నేనేం చెప్పాలి?

నేను రోజూ పనికి వెళ్లేది బ్రాంటీ స్ట్రీట్ మీదుగానే. ఎల్సీ మెక్‌గిల్ స్కూలు బోర్డు ఎన్నోసార్లు చూశాను. ఎవరో రాణిగారి పేరో, ఊరి పెద్ద పేరో అనుకున్నాను. ఆ వారం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎందుకో మనసు పట్టింది, బ్రేకులో ఫోన్లో చూశాను. 1905లో వాంకూవర్‌లో పుట్టింది. వాళ్లమ్మ బ్రిటిష్ కొలంబియాలో మొదటి మహిళా జడ్జి. ఈవిడ 1927లో టొరంటో యూనివర్సిటీ నుంచి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకుంది. కెనడాలో ఆ పట్టా తీసుకున్న మొదటి ఆడమనిషి. ఎలక్ట్రికల్! తర్వాత మిషిగన్‌లో విమానాల ఇంజనీరింగ్‌లో మాస్టర్స్, 1929లో. ఆ చదువు చివర్లో పోలియో వచ్చింది. ఇంక చక్రాల కుర్చీయే అన్నారు డాక్టర్లు. రెండు చేతికర్రలతో నడవడం నేర్చుకుంది. 1938లో ఫోర్ట్ విలియంలో, ఇప్పటి థండర్ బేలో, విమానాలు చేసే ఫ్యాక్టరీకి చీఫ్ ఇంజనీర్ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఫ్యాక్టరీ 1,400కి పైగా హరికేన్ యుద్ధ విమానాలు తయారుచేసింది. అక్కడ పనిచేసిన వేలమందిలో చాలామంది ఆడవాళ్లు. ఆవిడ మీద 1942లో పిల్లల బొమ్మల పుస్తకం కూడా వేశారు, 'హరికేన్ల మహారాణి' అని. తర్వాత 1967లో కెనడాలో ఆడవాళ్ల స్థితిగతుల మీద వేసిన రాయల్ కమిషన్‌లో సభ్యురాలు. అంతటి మనిషి పేరు పెట్టిన బడి ముందు నుంచి ఇన్నాళ్లూ తిరుగుతూ, రేడియోలో పాటలు వింటూ పోయాను.

దాంతో ఇంకో ఆలోచన వచ్చింది. మనవాళ్లలో ఎవరూ లేరా? ఉన్నారు. అయ్యలసోమయాజుల లలితగారు. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనేళ్లకి పెళ్లి, పద్దెనిమిదేళ్లకి భర్త పోయారు. చేతిలో నెలల పసిపిల్ల. ఆ రోజుల్లో అలాంటి పిల్లని ఇంట్లో మూల కూర్చోబెట్టేవాళ్లు. వాళ్ల నాన్న పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఆయన ప్రిన్సిపాల్‌ని అడిగి, అనుమతి తెచ్చి, కూతుర్ని తన కాలేజీలోనే చేర్పించారు. 1943లో ఆవిడ ఎలక్ట్రికల్ ఇంజనీర్ అయ్యారు. అంతకుముందు అక్కడ ఆడపిల్లలే లేరు కాబట్టి పట్టా కాయితాల మీద మగవాళ్లకి రాసే మాటే అచ్చువేసి ఉండేదట. దాన్ని కొట్టేసి ఆడవాళ్లకి రాసే మాట పెట్టారట. తర్వాత భాక్రా నంగల్ ఆనకట్ట జనరేటర్ల పనిలో కూడా ఆవిడ చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల సభకి వెళ్లారు.

ఆ నాన్న చేసిన సంతకమూ, మా నాన్న చేసిన సంతకమూ, నేను చేసిన సంతకమూ, మూడూ ఆ రోజంతా తలలో తిరుగుతూనే ఉన్నాయి. అలాగని లలితగారితో మా పాపని పోల్చట్లేదు. మాది మామూలు పిల్ల. గది సర్దుకోదు. ఫిజిక్స్‌లో 78 వస్తుంది. కానీ చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే దాని మొహం వేరేగా ఉంటుంది, అది నేను చూసి కూడా చూడనట్టు ఉన్నాను.

పనికి సెలవు పెట్టి ఇద్దరం కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాం. ముందు పాపకి, ఆవిడ ఎదురుగానే, సారీ చెప్పాను. తెలుగులో చెప్పాను. ఇంగ్లిషులో అయితే ఊరికే వచ్చేస్తుంది ఆ మాట. పాప "సరేలే" అంది, నా వైపు చూడకుండా.

కౌన్సెలర్ దాచకుండా చెప్పింది. ఫిజిక్స్, లెక్కలు 'యు' కోర్సులే ఉన్నాయి కాబట్టి చాలా తలుపులు తెరిచే ఉంటాయి. కానీ ఒంటారియోలో ఇంజనీరింగ్ సీటుకి దాదాపు అన్నిచోట్లా పన్నెండో గ్రేడు కెమిస్ట్రీ అడుగుతారు. దానికి పదకొండో గ్రేడు కెమిస్ట్రీ ఉండాలి. ఇప్పుడు మానేస్తే తర్వాత వేసవి బడిలోనో, ఆన్‌లైన్‌లోనో తీసుకోవచ్చు, కష్టమే కానీ దారి ఉంది. ఎలక్ట్రీషియన్ పని అంటే ఊరికే తీగలు అతకడం కాదు, లైసెన్సుకి దాదాపు 9,000 గంటల అప్రెంటిస్ పని, ఐదేళ్లు పడుతుంది, మధ్యమధ్యలో క్లాసులు, చివర పరీక్ష. నేర్చుకుంటూ ఉండగానే జీతం వస్తుంది. కో-ఆప్‌కి ముందు భద్రత గురించి నేర్పిస్తారు, టీచరు పని దగ్గరికి వచ్చి చూస్తారు, ఇబ్బంది ఉంటే వెంటనే మార్చేస్తారు. నా భయాలన్నీ అడిగాను. మగవాళ్ల మధ్య ఒక్కతే అన్న భయం కూడా అడిగాను. "అది అడగాల్సిన ప్రశ్నే" అంది ఆవిడ. "అక్కడ ఇంకో అమ్మాయి పనిచేసే చోటు కోసం చూస్తాను" అంది.

నేను పాపని అడిగాను, "వేసవిలో కెమిస్ట్రీ చేస్తావా?"

"ఇప్పుడు చెప్పలేను అమ్మా. వద్దనిపిస్తోంది."

కొత్త కాయితం మీద సంతకం పెట్టాను. సంతోషంగా పెట్టానని చెప్పను. అబద్ధం అవుతుంది. కానీ ఈసారి అందులో ఉన్న రాత అంతా దానిదే.

ఇప్పుడు అది పదకొండులో ఉంది. కెమిస్ట్రీ చెయ్యలేదు, వేసవంతా టిమ్ హార్టన్స్‌లో పని చేసింది. కో-ఆప్ రెండో సెమిస్టర్‌లో, ఫిబ్రవరిలో మొదలవుతుంది. ఎలా ఉంటుందో నాకు తెలియదు. మా ఆయన ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు, కాకపోతే గ్యారేజీలో కారు ఛార్జరు పెట్టిన ఎలక్ట్రీషియన్ బిల్లు చూశాక గొంతు కొంచెం తగ్గింది. పోయిన వారం బేస్‌మెంట్‌లో సగం లైట్లు పోయాయి. పాప ప్యానెల్ తలుపు తీసి ఏ బ్రేకర్ ఎందుకు పడిందో నాకు చెప్పింది. ఇక్కడ తీగ చుట్టే పని లేదు, నొక్కితే చాలు. "మా రోజుల్లో తీగ సన్నగా చుట్టాలి, లావుగా చుడితే ఫ్యూజు పోదు, ఇల్లు పోతుంది" అన్నాను. "ఎందుకు?" అని అడిగింది. చెప్పాను. పావుగంట చెప్పాను. ఫోను లైటు నేనే పట్టుకున్నాను.

ఇంతకీ చెల్లీ, నువ్వడిగినదానికి జవాబు: వెయ్యొచ్చు. పబ్లిక్ అంటే మన దగ్గర సర్కారు బడి అని మొహం చిట్లించినట్టు చిట్లించకు. పోర్టబుల్ చూసి బెదిరిపోకు, మంచి బూట్లు కొను. ఇల్లు కొనే ముందు ఆ అడ్రసు ఏ హైస్కూలు కిందకి వస్తుందో బోర్డు వాళ్లని అడుగు, ఏజెంటు మాట నమ్మకు. ఊరు పెరిగేకొద్దీ సరిహద్దులు మారుతుంటాయి. ప్రతి బడిలో పేరెంట్స్‌తో స్కూల్ కౌన్సిల్ ఉంటుంది, మన ఇంగ్లిషు గురించి సిగ్గుపడకుండా వెళ్లు. నేను నాలుగేళ్లు వెళ్లలేదు, అది నా తప్పు. గైడెన్స్ వాళ్లని ఫిబ్రవరికి ముందే కలువు. కోడ్ చివర అక్షరం చూడు. ఆ తర్వాత కాయితం వచ్చినప్పుడు బాబుని పక్కన కూర్చోబెట్టుకుని, వాడు చెప్పేది మొత్తం విని, అప్పుడు పెన్ను తియ్యి.

ఇంకొక్క సంగతి. సంక్రాంతికి ఫోన్ చేసినప్పుడు మా పెద్ద వదిన అడిగింది, "చిన్నది ఏ గ్రూపు తీసుకోబోతోంది?" అని. అప్పటికింకా ఏమీ తేలలేదు. దసరాకి మళ్లీ అడిగింది. అప్పటికి అంతా తేలింది. "సైన్సే వదినా, ఎలక్ట్రికల్ వైపు" అన్నాను. ఆవిడ ఇంజనీరింగ్ అనుకుంది. నేను అనుకోనిచ్చాను. ఈ పత్రిక గుంటూరులో వాళ్ల గ్రూపుకి కూడా వెళ్తుందని నాకు తెలుసు.

వదినా, ఇంజనీరింగ్ కాదు. ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటోంది. మీకేమైనా అడగాలనిపిస్తే ఫోన్ చెయ్యండి. మీకు ఆదివారం సాయంత్రం అయితే మాకు పొద్దున, పాప కూడా ఇంట్లోనే ఉంటుంది.